ఈ భూమి మాదేనా, అయ్యగారూ?

ఆ మధ్య ఒక గ్రామ సంఘంలో వాక్యపరిచర్య ముగించుకొని బయలుదేరుతుండగా ఒక సంఘ పెద్ద మమ్మల్ని ఆపారు. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతల దగ్గర చిరుగు పట్టిన డి-ఫారం పట్టా ఉన్నాయి. తండ్రి పేరున ఎకరా ఇరవై సెంట్లు. తండ్రి దున్నారు, ఈయన దున్నారు, ఇప్పుడు కొడుకు దున్నుతున్నాడు. "ఈ భూమి మాదేనా, అయ్యగారూ?" అని అడిగారు. ఒక ప్రభుత్వం అమ్ముకోవచ్చని చెప్పిందట, ఇంకో ప్రభుత్వం వచ్చి రిజిస్ట్రేషన్ ఆపిందట, ఈలోగా పట్నం నుండి ఒకాయన బయానా ఇస్తానని ఇంటి చుట్టూ తిరుగుతున్నాడట. మేము ప్రార్థన చేసి వచ్చేశాం. జవాబు చెప్పకుండా వచ్చామన్న సంగతి దారి పొడవునా మమ్మల్ని వదలలేదు. ఈ వారం ఆ జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తున్నాం.

మన సంఘాలలో ఇలాంటి కాగితం లేని గ్రామం తక్కువ. ఆంధ్రలో డి.కె.టి. పట్టా అని, తెలంగాణలో కొన్నిచోట్ల లావణి పట్టా అని పిలిచే ఈ కాగితాలు భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములవి. దున్నుకోవచ్చు, పిల్లలకు వారసత్వంగా ఇవ్వవచ్చు. అమ్మడం మాత్రం కుదరదు. 1977లో వచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం అలాంటి అమ్మకం చెల్లదు. అమ్మినట్టు తేలితే అధికారులు కొన్నవారిని ఖాళీ చేయించి, మొదటి హక్కుదారుకు తిరిగి ఇవ్వవచ్చు. అది కుదరకపోయినా, అతడు మళ్లీ అమ్మినా, భూమి ప్రభుత్వానికి పోతుంది.

ఈ చట్టం చెడు ఉద్దేశంతో పుట్టలేదు. పేదవాడి చేతికి వచ్చిన భూమి ఆసుపత్రి ఖర్చుకో, పెళ్లి ఖర్చుకో ఊళ్లోని పెద్ద రైతు చేతికి జారిపోకుండా కాపాడాలన్నదే దాని తలంపు. ఆ తలంపుకు చాలా పాత చరిత్ర కూడా ఉంది. 1892లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ ఆ జిల్లాలోని అణగారిన కులాల దుస్థితిపై నివేదిక రాశాడు. ఆ తరువాత మద్రాసు ప్రభుత్వం వారికి భూములు కేటాయించినప్పుడు బయటివారికి అమ్మకూడదని షరతు పెట్టింది. ఆ కృషి వెనుక అక్కడి మిషనరీల ఒత్తిడి కూడా ఉందని మనం మరువకూడదు. పేదవాడి భూమికి కంచె వేయమని అడిగినవారిలో మన పితరులు ఉన్నారు.

అయితే ఆ కంచెకు తాళం ఎవరి దగ్గర ఉంది? మన కాలంలో ఈ ప్రశ్నను గట్టిగా అడుగుతున్నవారు స్వేచ్ఛావాదులు, అంటే లిబర్టేరియన్లు. వీరి మాట మన సంఘాలకు కొత్తగా వినిపించవచ్చు. వీరిలో చాలామందికి దేవుని నమ్మకం లేదు. అయినా వీరు అడిగే ప్రశ్నలు విననవసరం లేనివి కావు.

అధికారం విషయంలో వారు చెప్పేది ఇది. ప్రభుత్వం చేతిలో ఉన్న ప్రతి అధికారానికీ ఒక హద్దు ఉండాలి, ఆ హద్దు పాలకుడి మంచితనం మీద ఆధారపడకూడదు. ఈ రోజు మంచివాడి చేతిలో ఉన్న అధికారమే రేపు ఇంకొకడి చేతికి వెళ్తుంది. చట్టం విషయానికి వస్తే, 1944లో "ది రోడ్ టు సెర్ఫ్‌డమ్" రాసిన హాయెక్ వాదనను సులువుగా ఇలా చెప్పవచ్చు: ప్రభుత్వం ముందుగా ప్రకటించిన నియమాలకు తానూ కట్టుబడి ఉండాలి, అప్పుడే సామాన్యుడు రేపటి గురించి ఒక ఆలోచన చేసుకోగలడు. అంతకు దాదాపు నూరేళ్ల ముందు, 1850లో, ఫ్రెంచి రచయిత బాస్టియా ఇంకా కటువుగా మాట్లాడాడు. దొంగను ఆపవలసిన చట్టమే దొంగతనం చేస్తే ప్రజలు ఎవరికి చెప్పుకోవాలన్నది అతని ప్రశ్న.

ఆర్థిక విషయంలో వారి మాట మన గ్రామాల్లో కళ్లారా చూడవచ్చు. 1977 చట్టం అమ్మకాన్ని నిషేధించింది, కానీ అమ్మకాలు ఆగలేదు. తెల్లకాగితం మీద, పాత తేదీల స్టాంపు కాగితం మీద, నోటిమాట మీద భూములు చేతులు మారుతూనే వచ్చాయి. కోనేరు రంగారావు అధ్యక్షతన ఏర్పడి 2006లో నివేదిక ఇచ్చిన భూ కమిటీ ఈ అన్యాక్రాంతాల గురించి రాసి, పేదల భూములు పేదలకు చేరాలని సిఫారసు చేసింది. నిషేధం వల్ల మారింది ధర. పక్క పట్టా చేనుకు పలికే రేటు అసైన్డ్ చేనుకు పలకదు. కొనేవాడు "రేపు ప్రభుత్వం లాక్కుంటే?" అని చెప్పి ఆ భయం ఖరీదంతా అమ్మేవాడి నెత్తిన వేస్తాడు. అమ్మేవాడికి కోర్టు లేదు, రిజిస్ట్రారు లేడు. పలుకుబడి ఉన్నవాడు మాత్రం ఎప్పుడో ఒకప్పుడు చట్టం మారుతుందని ధైర్యంగా కొని పెట్టుకుంటాడు. కాపాడటానికి వేసిన కంచె పేదవాడి భూమిని చవక చేసిందన్న స్వేచ్ఛావాదుల మాటను మేము కాదనలేకపోతున్నాం.

ఈ వాదన మన తెలుగు నేలకు పరాయిది కూడా కాదు. 1959 జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్ పార్టీ ఉమ్మడి సహకార వ్యవసాయానికి తీర్మానం చేసినప్పుడు, చిన్న రైతు చేతిలోని భూమి ప్రభుత్వ యంత్రాంగం చేతికి పోతుందని ఎదురు తిరిగినవారిలో నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య ఎన్.జి.రంగా ఒకరు. ఆ ఏడాదే రాజాజీ, మీనూ మసానీలతో కలిసి స్థాపించిన స్వతంత్ర పార్టీకి ఆయనే తొలి అధ్యక్షులు. ప్రతి పనికీ ప్రభుత్వ అనుమతి కావలసిన పాలనను రాజాజీ పర్మిట్-లైసెన్స్ రాజ్యమని ఎగతాళి చేసేవారు. 1967 ఎన్నికల్లో ఆ పార్టీ 44 లోక్‌సభ స్థానాలు గెలిచింది, కొన్నేళ్లకే కనుమరుగైంది. దాని వేదికల మీద సంస్థానాధీశులు, పెద్ద భూస్వాములు ఎక్కువగా కనబడటం ఒక కారణం. సెంటు భూమి లేని కూలీకి ఆస్తి హక్కు గురించి ఉపన్యసిస్తే ఆ మాట అతని చెవికి ఎక్కలేదు.

అంతకు ముందూ తరువాతా రాజ్యాంగంలో ఆస్తి హక్కు నడిచిన దారి కూడా తెలుసుకోదగినది. మొదట అది ప్రాథమిక హక్కు. జమీందారీల రద్దుకు అడ్డు రాకూడదని 1951లోనే మొదటి సవరణతో దానిని తగ్గించారు. జమీందారీ రద్దు వల్ల దున్నేవారికి మేలు జరిగింది కనుక ఆనాడు ఎవరూ పెద్దగా బాధపడలేదు. 1978లో 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుండి పూర్తిగా తీసివేసి, 300ఏ అధికరణంగా వేరే చోట ఉంచింది. చట్టం అధికారమిస్తే తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదన్నది దాని సారాంశం. జమీందారు కోసం పదును పెట్టిన కత్తి ఆ తరువాత ప్రాజెక్టుల పేరుతో, కారిడార్ల పేరుతో ఎకరా రెండెకరాల రైతు మెడ మీదికి వచ్చింది. శత్రువు మీద ప్రయోగించడానికి ఒక అధికారాన్ని సంతోషంగా ఇచ్చేటప్పుడు, అది రేపు ఎవరి మీద ప్రయోగింపబడుతుందో కూడా ఆలోచించాలి.

న్యాయస్థానాలు ఈ మధ్య కొంత దూరం వెనక్కి నడిచాయి. అసైన్డ్ భూమిని ప్రజావసరానికి తీసుకున్నప్పుడు పరిహారం అక్కర లేదన్న పాత షరతు చెల్లదనీ, పూర్తి పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ చెల్లించాలనీ 2004లో చేవెళ్ల కేసులో మన ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. 2014 జనవరి నుండి అమలులోకి వచ్చిన భూసేకరణ చట్టం భూయజమాని అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో అసైన్డ్ భూముల ప్రస్తావన ఉంది. 2024 మే నెలలో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎస్. నరసింహ, ఆయన మన తెలుగువారే, 300ఏ అధికరణంలో ఏడు హక్కులు ఇమిడి ఉన్నాయని రాశారు. ముందుగా నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం వినాలి. కారణాలతో నిర్ణయం తెలపాలి. ప్రజా ప్రయోజనం ఉండాలి. న్యాయమైన పరిహారం ఇవ్వాలి. జాప్యం లేకుండా పద్ధతి ప్రకారం నడపాలి. చివరికి దానిని ముగింపుకు తేవాలి. అదే ఏడాది నవంబరులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రతి ప్రైవేటు ఆస్తినీ సమాజ వనరుగా భావించలేమని మెజారిటీ తీర్పునిచ్చింది.

తీర్పులు మంచివే. అయితే తీర్పుకూ తహసీల్దారు కార్యాలయానికీ మధ్య ఎంత దూరం ఉందో మన సంఘస్థులకు తెలుసు. ఇప్పటి పరిస్థితి చూడండి. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1977 చట్టాన్ని సవరించి, కేటాయించి ఇరవై ఏళ్లు నిండిన వ్యవసాయ భూములపై అసలు హక్కుదారులకు, వారి వారసులకు పూర్తి హక్కు ఇచ్చింది. ఎన్నో భూములు 22ఏ నిషేధిత జాబితా నుండి బయటికి వచ్చాయి. 2024లో ప్రభుత్వం మారింది. పేదల పేరుతో పలుకుబడి ఉన్నవారు ముందే ఒప్పందాలు రాయించుకున్నారనే ఆరోపణలపై ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు నిలిపివేసి విచారణ మొదలుపెట్టారు. ఆరోపణల్లో నిజం ఉంటే విచారణ జరగవలసిందే. ఏ పార్టీ తప్పెంత అన్న లెక్క మా పని కాదు. మేము చూస్తున్నది ప్లాస్టిక్ కవరు పట్టుకొని నిలబడిన ఆ పెద్దాయనను. మోసం చేసినవాడితో పాటు, మూడు తరాలుగా ఆ మట్టిలోనే ఉన్న ఆయనా ఆగిపోయారు. ఐదేళ్లకొకసారి వచ్చే ఓటు ఫలితాన్ని బట్టి మారేదాన్ని హక్కు అని ఎలా అనగలం? అది అనుమతి మాత్రమే. స్వేచ్ఛావాదుల విమర్శ ఇక్కడ పూర్తిగా సరైనదని మేము నమ్ముతున్నాం.

అయితే, సంపూర్ణ హక్కు ఇచ్చేసి అమ్ముకోనిస్తే సమస్య తీరిపోతుందా? ఇక్కడ మేము వారితో పూర్తిగా నడవలేం.

బలవంతం లేకుండా ఇద్దరు పెద్దవాళ్లు ఒప్పుకుంటే అది స్వేచ్ఛగా జరిగిన బేరమని వారంటారు. కూతురు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రి తొమ్మిది గంటలకు వేలిముద్ర వేసిన తండ్రిని మేము చూశాం. ఆయన చేయి ఎవరూ పట్టుకొని ఒత్తలేదు. అయినా దానిని స్వేచ్ఛ అనడానికి మాకు నోరు రాదు. నెహెమ్యా గ్రంథం ఐదవ అధ్యాయంలో పేదలు పెట్టిన మొరను ఒకసారి జాగ్రత్తగా చదవండి. కరవులో ధాన్యం కోసం పొలాలు కుదువ పెట్టామని కొందరు, రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశామని మరికొందరు మొరపెట్టుకున్నారు. భూమి పోవడానికి ఒక చేత్తో రాజ్యం, రెండవ చేత్తో సొంత సహోదరుడు కారణమయ్యారు. స్వేచ్ఛావాదులు మొదటి చేతిని బాగా చూస్తారు. రెండవ చేయి వారికి అంతగా కనబడదు.

అన్యాయంగా సంపాదించిన ఆస్తి సంగతి కూడా వారిలో చాలామంది దాటవేస్తారు. ఆస్తి హక్కుకు గట్టి మద్దతుదారైన తత్త్వవేత్త రాబర్ట్ నోజిక్ మాత్రం 1974లో తన గ్రంథంలోనే ఒప్పుకున్నాడు: ఆస్తి మొదట న్యాయంగా సంపాదించినదై, న్యాయంగా చేతులు మారినదై ఉండాలి, లేకపోతే దానిని సరిదిద్దాలి. మన దేశంలో తరతరాలు భూమి కొనే అవకాశమే లేకుండా చేసిన కులవ్యవస్థను ఈ కొలతతో కొలిస్తే ఏం తేలుతుంది? అసైన్డ్ భూమి పేదవాడికి వేసిన భిక్ష కాదని, ఆలస్యంగా తీర్చిన బాకీలో ఒక చిన్న భాగమని వారి సూత్రమే చెబుతుంది. బాకీ తీర్చినవాడు ఆ సొమ్ము మీద తాళం తన దగ్గరే ఉంచుకుంటే అది తీర్చినట్టు కాదు.

ఈ సందర్భంలో నాబోతు సంగతి మనం మళ్లీ చదవాలి. మొదటి రాజులు 21వ అధ్యాయంలో అహాబు మొదట అడిగినది న్యాయమైన బేరంలాగే ఉంది. ద్రాక్షతోటకు బదులు అంతకంటె మంచి తోట ఇస్తానన్నాడు, లేదంటే రొక్కం ఇస్తానన్నాడు. నేటి భూసేకరణ భాషలో ఇది సముచిత పరిహారం. నాబోతు ఒప్పుకోలేదు, అది పితరుల స్వాస్థ్యం అన్నాడు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. మోషే ధర్మశాస్త్రం కూడా భూమిని శాశ్వతంగా అమ్మనివ్వలేదు. సునాద సంవత్సరంలో అది తిరిగి ఆ కుటుంబానికి చేరాలి. అంటే నాబోతు భూమికీ కంచె ఉంది, మన పెద్దాయన భూమికీ కంచె ఉంది. తేడా ఏమిటంటే, లేవీయకాండము 25వ అధ్యాయం ప్రకారం భూమి దేవునిది, కనుక ఆ కంచె రాజును కూడా బయటే ఉంచింది. ప్రజల స్వాస్థ్యాన్ని అధిపతి తీసుకోకూడదని యెహెజ్కేలు 46వ అధ్యాయం స్పష్టంగా చెబుతుంది. మన చట్టం రైతును లోపల కట్టివేసి, ప్రభుత్వానికి మాత్రం గేటు తెరిచి ఉంచింది. అసలు లోపం అక్కడుంది.

యెజెబెలు ఏం చేసిందో చూడండి. సైన్యాన్ని పంపలేదు. రాజముద్ర వేసిన తాకీదులు పంపింది. ఉపవాసదినం చాటించారు, సభ కూడింది, ఇద్దరు సాక్షులు వచ్చారు, నేరారోపణ జరిగింది, శిక్ష అమలైంది. కాగితం మీద చూస్తే పద్ధతిలో లోపం కనబడదు. ఆ తాకీదులు అందుకొని, అందులో ఉన్నదంతా తెలిసీ అమలు చేసినవారు నాబోతు సొంత ఊరి పెద్దలు. ఏలీయా అనే ప్రవక్త రాకపోతే ఆ ఫైలు అక్కడితో మూసివేసేవారు.

"పైఅధికారులకు లోబడమని రోమా 13 చెబుతోంది కదా" అని మీలో కొందరు అడుగుతారు. అవును, లోబడాలి. పన్ను కట్టాలి. అదే అధ్యాయం అధికారిని దేవుని పరిచారకుడు అంటుంది. పరిచారకుడికి పైన యజమాని ఉన్నాడు, అప్పగించిన పని ఉంది, లెక్క చెప్పవలసిన రోజు ఉంది. రాజు కావాలని అడిగిన ఇశ్రాయేలీయులకు సమూయేలు రాజు తీసుకునేవాటి జాబితా చదివి వినిపించాడు. కుమారులు, కుమార్తెలు, మంచి పొలాలు, పంటలో పదియవ వంతు. రాజ్యం వద్దనేంత దూరం లేఖనం వెళ్లలేదు, రాజుకు హద్దు లేకుండా చేయవద్దని మాత్రం గట్టిగా హెచ్చరించింది. నోటీసు అడగడం, గ్రామసభలో లేచి మాట్లాడటం, కోర్టు తలుపు తట్టడం తిరుగుబాటు కాదు. పౌలు కైసరు ఎదుట చెప్పుకొంటానన్నప్పుడు చేసినదీ అదే.

కాబట్టి ఆ పెద్దాయనకు మా జవాబు ఇది. భూమి మీదే. కాగితం మీద అది ఇంకా పూర్తిగా మీది కాలేదు, అలా చేయించుకోవడానికి సంఘం మీ పక్కన నిలబడాలి. బయానా తీసుకోవద్దు, తెల్లకాగితం మీద సంతకం పెట్టవద్దు. మీ తండ్రిగారి పట్టా తేదీ చూడండి. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18కి ముందు ఇచ్చిన పట్టాలకు సాధారణంగా అమ్మకూడదనే షరతు లేదు, అలాంటివి పొరపాటున 22ఏ జాబితాలో చేరితే తీయించుకోవచ్చు. వారసుల పేర్లు రికార్డులో మార్పించుకోండి, ఆడపిల్లల పేర్లు వదలవద్దు. అడంగల్, 1-బి నకళ్లు తెచ్చి భద్రపరచండి. ఎవరైనా భూమి కావాలని వస్తే వ్రాతపూర్వకంగా నోటీసు అడగండి. ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు 1987 నాటి చట్టం ప్రకారం జిల్లా న్యాయసేవాధికార సంస్థలో న్యాయవాది ఉచితంగా దొరుకుతాడు.

సంఘ కాపరులకూ ఒక మాట. ఒక ఆదివారం ఆరాధన తరువాత గంటసేపు కూర్చొని, చదువుకున్న యవ్వనస్థులచేత ఈ కాగితాలు చదివించండి. మీ సంఘంలో ఎన్ని పట్టాలున్నాయో, ఎన్ని వారసుల పేరుకు మారలేదో ఒక పుస్తకంలో రాయించండి. అలాగే మన సొంత ఇల్లు కూడా చూసుకోవాలి. విశ్వాసుల కానుకలతో కొన్న స్థలాలను కమిటీలోని నలుగురు, సంఘానికి తెలియకుండా, పద్ధతి ప్రకారం తీర్మానం రాసి అమ్మిన సందర్భాలు మనకు తెలియనివి కావు. ప్రభుత్వం నోటీసు ఇవ్వాలి, లెక్క చెప్పాలి, హద్దులో ఉండాలి అని అడిగే నోరు, సంఘ సర్వసభ్య సమావేశంలో కూడా అదే అడగాలి. నాబోతు ఊరి పెద్దలు బయటివారు కారు.

వచ్చే నెలలో మేము మళ్లీ ఆ గ్రామానికి వెళ్తున్నాం. ఈసారి బైబిలుతో పాటు ఒక న్యాయవాదిని కూడా వెంటబెట్టుకొని వెళ్తాం.